ఆరో వంతు

ఆత్మకూరులో ఎనిమిది చదివేటప్పుడు లెక్కల పరీక్షలో 1/2, 1/3 కలిపి 2/5 అని రాశాను. పైవి పైవి, కిందవి కిందవి కూడేశాను మరి. సున్నా పడింది.

శనివారం ఉదయగిరి బస్సెక్కి ఊరికెళ్లి తాతకు చెప్పాను. ఆయనకు వేలిముద్ర తప్ప రాదు. ‘‘ఏమబ్బయా, బావిలో సగం మనది. మూడో వంతు పెదతాతది. రెండూ కలిస్తే మన సగం కన్నా తగ్గిందా? నీళ్లెటు పోయినాయి?’’ అన్నాడు. హారాలు వేరైతే క.సా.గు. కట్టి కూడాలని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో చెప్పాడనీ, పావులూరి మల్లన దాన్ని తెలుగులోకి తెచ్చాడనీ నాకు చాలా ఏళ్లకు తెలిసింది. తాతకు ఆ పేర్లే తెలియవు. బావి తెలుసు, అంతే.

మా మెట్ట పల్లెల్లో వంతంటే భాగమే కాదు, నీళ్లు పారించుకునే రోజు కూడా. బావి ముగ్గురన్నదమ్ములకు తలా మూడో వంతు వచ్చింది. చిన్నతాత తన దాంట్లో సగం మాకు అమ్మేశాడు. దాంతో మాకు మూడు రోజులు, పెదతాతకు రెండు, చిన్నతాత కొడుక్కి ఒకటి.

ఆ ఏడే ఆ చిన్నాయన పోయాడు. దినాలు కాగానే మాట లేచింది. ‘ఒంటి ఆడమనిషి, సేద్యమేం చేస్తుంది? మీకు మూడు, మాకు రెండు, ఐదు రోజుల వరస చాలు’ అని. అలాగైతే మా సగం 3/5 అవుతుంది. నాన్న నోరు విప్పలేదు. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

తాత నన్ను పిలిచాడు. ‘‘మనకు సగం, అన్నకు మూడో వంతు, కోడలికి ఒక రోజు. వరస ఎన్ని రోజులో కట్టి అందరికీ చెప్పు.’’

ఇంజను గది గోడ మీద బొగ్గుతో వేశాను. మొత్తం రోజులు ఎక్స్. ఎక్స్‌లో సగం, ఎక్స్‌లో మూడో వంతు, ఒకటి కలిస్తే ఎక్స్. అన్నిటినీ 6తో గుణిస్తే 3 ఎక్స్‌లు, 2 ఎక్స్‌లు, 6 కలిసి 6 ఎక్స్‌లు. అటూ ఇటూ 5 ఎక్స్‌లు తీసేస్తే మిగిలింది ఎక్స్ సమానం 6.

‘‘ఆరు’’ అన్నాను. గొంతు వణికింది. పెదతాత గోడవైపు చూసి, తుండు దులుపుకుని వెళ్లిపోయాడు. నాన్న ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

వారానికి ఏడు రోజులు, వరసకు ఆరు. అందుకని చిన్నమ్మ వంతు ఒకసారి సోమవారం వస్తే తర్వాత ఆదివారం వచ్చేది. మరిచిపోకుండా నా లెక్క పక్కనే రోజుకొక గీత గీసుకునేది. ఆరో గీత నాడు తెల్లారకముందే పార తీసుకుని మిరప మడికి వెళ్లేది.