జపానులో కొత్త సంవత్సరం, మా ఇంట్లో పరాభవం

మా కోస్గిలో కొత్త సంవత్సరం ఏడాదికి మూడు మార్లు వస్తుంది. జనవరి ఒకటిన కేకులమ్మే దుకాణానికి వస్తుంది. ఉగాదికి ఇంటింటికీ వస్తుంది. బక్షాలూ, వేపపువ్వు పచ్చడీ, జీతగాళ్ళ లెక్కలూ ఆనాడే. మృగశిర కార్తెకు చేనుకు వస్తుంది. మా నాన్న దృష్టిలో అసలైనది అదొక్కటే. మొన్న 2025 డిసెంబరు 31న నాలుగో రకం కొత్త సంవత్సరం ఒకటి రాత్రి ఎనిమిదిన్నరకే మా ఇంటికి వచ్చింది. అది జపానుది. వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు గదా!

మా అక్కా బావా టోక్యోలో నిషి కసాయి అనే పేటలో ఉంటున్నారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచం భయపడిన రోజుల్లో మన దేశం నుంచి పోయిన ఇంజనీర్లు చాలామంది స్థిరపడిన పేట అది. అక్కడ కందిపప్పు కూడా దొరుకుతుందట. అయినా మా అక్క, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు తప్ప మరొకటి పప్పే కాదంటుంది. మా చేను తాండూరు వైపే కనుక ఆ మాటను మేమెవరమూ ఖండించం.

అక్కకు ఇది తొలి కాన్పు. డాక్టరు ఇచ్చిన తేదీ ఏప్రిల్ 10. తొలి కాన్పు పుట్టింట జరగాలని మన ఆచారం. కాని బావ సెలవులూ, విమాన ప్రయాణమూ, పరీక్షలన్నీ అక్కడే జరుగుతుండడమూ చూసుకొని, అక్క రావడం కాదు, అమ్మే పోవాలని తేలింది. జపానులోనూ కాన్పుకు పుట్టింటికి పోయే ఆచారం ఉందట, దాన్ని 'సాతోగాయెరి' అంటారట. అది విన్నాక అమ్మకు ఊరట కలగాల్సింది పోయి, "వాళ్ళ పిల్లలు కూడ తల్లిగారింటికి పోతుంటె నా బిడ్డ ఒక్కతే ఆడ ఉండాల్నా?" అని ఇంకాస్త ఏడ్చింది.

సెలవులకు, అంటే కంది కోతకు, నేను హాస్టలు నుంచి ఊరికి వచ్చి ఉన్నాను. ఆ రాత్రి వాకిట్లో కంది కట్టె మంట వేసుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. నాన్న, అమ్మ, మేనత్త, నేను. ఫోనులో ఒక గడిలో అక్కా బావా, మరో గడిలో పరిగి నుంచి అక్క అత్తగారు. అక్క కిటికీ తెరిచి ఫోను బయటికి పట్టింది. ఎక్కడో గుడి గంట. బౌద్ధుల గుళ్ళలో ఆ రాత్రి నూట ఎనిమిది మార్లు గంట కొడతారు; మనిషిని పట్టి ఉండే నూట ఎనిమిది ఆశలు ఒక్కో దెబ్బకు ఒక్కటి చొప్పున వదిలిపోవాలని. "మనకూ నూట ఎనిమిదే గదనే" అన్నది అమ్మ, జపమాల తలచుకుని.

అక్క వరసబెట్టి చెప్పుకుపోయింది. రాత్రి బక్‌వీట్ పిండితో చేసిన పొడుగాటి సేవలు తిన్నారట, ఆయుష్షు అంత పొడుగు కావాలని. తెల్లారి నల్ల సోయా గింజల తీపి కూర తింటారట. హెరింగ్ అనే చేప గుడ్లు కూడా పండుగ పెట్టెలో ఉంటాయట. గుడ్లన్ని పిల్లలు కలగాలని దాని అర్థం. "మాకు ఒక్కటి చాలు" అని బావ దాన్ని పక్కన పెట్టాడట. గుమ్మానికి వరిగడ్డితో పేనిన తాడు కడతారన్నప్పుడు మాత్రం నాన్న మొగం వెలిగింది. అంత పెద్ద టోక్యో నగరంలో కూడా వరిగడ్డికి విలువున్నదని ఆయన సంతోషం. ఇంకో ముచ్చట: జపానువాళ్ళు కూడా ఒకప్పుడు చంద్రుణ్ణి చూసే పండుగ చేసుకునేవాళ్ళు. 1873 నుంచి ప్రభుత్వం జనవరి ఒకటికి మార్చింది.

అంతవరకు బాగానే ఉంది. అప్పుడు అక్క, "ఇది గుర్రం సంవత్సరమట రా" అన్నది. అదిగో, అక్కడ నేను నోరు తెరిచాను.

బి.ఎస్సీ. రెండో ఏడు చదివేవాడి చేతికి లెక్క దొరికితే ఊరుకుంటాడా? వాళ్ళకు పన్నెండు జంతువులు. కట్టె, నిప్పు, మన్ను, లోహం, నీరు ఒక్కోటి రెండేళ్ళ చొప్పున పది. పదికీ పన్నెండుకీ క.సా.గు. అరవై. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై. బృహస్పతి సుమారు పన్నెండేళ్ళకు చుట్టి వచ్చే చుట్లు అయిదు. రెండూ అరవయ్యే కనుక, ఒకసారి జతపడ్డ పేర్లు ఎప్పటికీ విడిపోవు. "2026 వాళ్ళకు నిప్పు గుర్రం. మనకు మార్చి 19 ఉగాది నుంచి పరాభవ. 1966లోనూ ఇంతే!" అని పాఠం చెప్పినట్టు చెప్పేశాను. ఎవ్వరూ మెచ్చుకోలేదు. అక్క మొగం మాత్రం మారింది.

కారణం నాకు తరవాత తెలిసింది. జపానులో నిప్పు గుర్రం ఏడాదిలో పుట్టిన ఆడది మగని ప్రాణానికి చేటని ఒక మూఢనమ్మకం. 1683లో ఇంటికి నిప్పు పెట్టిన నేరానికి కాల్చి చంపిన ఒషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు 1666లో, అంటే నిప్పు గుర్రంలోనే పుట్టిందని చెప్పుకుంటారు. 1906లో కొందరు తల్లిదండ్రులు ఆడపిల్లల పుట్టుకను ముందు ఏడో వెనక ఏడో అయినట్టు రాయించారట. ఇక 1966 సంగతి! 1965లో ఆ దేశంలో 18 లక్షల 20 వేలకు పైగా పిల్లలు పుట్టారు. 1966లో 13 లక్షల 60 వేలు. 1967లో మళ్ళీ 19 లక్షల 30 వేల పైన. రైళ్ళు గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్న దేశంలో, ఒక గుర్రానికి జడిసి నాలుగున్నర లక్షల మంది పుట్టకుండా పోయారు. అక్కకు ఇదంతా పక్కింటామె చెప్పిందట. ఆమె పుట్టింది 1966లోనే. కన్నందుకు వాళ్ళమ్మను ఇంట్లో సాధించారట. బడిలో తన తరగతి ఎప్పుడూ పలచగా ఉండేదట.

మళ్ళీ ఆ రాత్రికి వద్దాం. నా పాఠం అయ్యాక పరిగి గడిలోంచి అక్క అత్తగారు మెల్లగా అందుకుంది. "పరాభవనా? పేరే గట్లుంటె ఎట్ల వదినా? ఉగాదికి ముందు, విశ్వావసులనే ఆపరేషన్ చేపిస్తె అయిపాయె. ముందటెన్క ఇరవై దినాలకు ఏమైతది? మా దిక్కు అందరు ముహూర్తం చూసుకొనే చేపిస్తున్నరు."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె మాట అబద్ధమూ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో అరవై కోతతోనే జరిగాయి. అందులో ముహూర్తం కోసం ఎన్నో సర్వే అడగలేదు గాని, మన ఇళ్ళల్లో మనకు తెలుసు. కాని నా వేళ్ళు అప్పటికే లెక్కపెడుతున్నాయి. మార్చి 18 నాటికి అక్కకు ముప్పయ్యారు వారాల అయిదు రోజులు. ముప్పై ఏడు నిండకపోతే అది నెలలు నిండని కాన్పు. ఊపిరితిత్తుల లోపలి గోడలు అతుక్కోకుండా ఉంచే పదార్థం సిద్ధమయ్యేదీ, ఒంటికి కొవ్వు పట్టేదీ ఆ చివరి వారాల్లోనే. మా జువాలజీ సారు బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ రాత్రి ఆ మాట నా నోట రాలేదు. అనవసరమైనది చెప్పిన నోరు అవసరమైనది చెప్పలేకపోయింది. పెద్దవాళ్ళ మధ్య మగపిల్లవాడు కాన్పు మాటలేమిటన్న సిగ్గు ఒకటి. అసలు కొరివి పెట్టింది నేనే గదా అన్నది ఇంకొకటి.

అమ్మ తల దించుకుంది. బావ నోరు విప్పలేదు. అక్క, "డాక్టరును అడుగుతం లే అత్తమ్మా" అన్నది. ఆ గొంతు నాకు తెలుసు. ఏడుపును మింగిన గొంతు.

అప్పుడు నాన్న లేచి లోపలికిపోయి తాత లెక్కల పుస్తకం పట్టుకొచ్చాడు. వడ్లు ఎవరికెన్ని కొలిచిందీ తాత అందులో తెలుగు సంవత్సరాలు వేసి రాసేవాడు. నాన్న ఒక పుట తీసి నా చేతికిచ్చాడు. ఫోను వెలుగులో చదివాను. "పరాభవ, జ్యేష్ఠం. ఆడపిల్ల. బావి పూడిక కూలి 3 రూ."

ఆ ఆడపిల్ల మా మేనత్త. ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి 1. మా వాడలో సగం మందికి అంతే, పుట్టిన తేదీ తెలియని వాళ్ళందరికీ సర్కారు కొత్త సంవత్సరం కానుకగా ఇచ్చింది. జపానులోనూ పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ఆపైన కొత్త సంవత్సరం నాడు అందరికీ కలిపి ఒక్కో ఏడు పెరిగేవట. అది వేరే కథ.

మేనత్త పుట్టిన ఏడు మా బావి ఎండింది. అప్పటినుంచి ఆమె పేరు ఊళ్ళో 'బావి ఎండబెట్టిన పిల్ల'. కుదిరిన సంబంధం ఒకటి ఆ మాట మీదే తప్పిపోయింది. బడికి పంపలేదు. తరవాత పెళ్ళయింది, పదేళ్ళకు మొగుడు పోయాడు; అప్పుడు ఊరు ఏమని ఉంటుందో చెప్పనక్కరలేదు. నన్ను, అక్కను సాకింది ఆమే.

మేనత్త ఫోను చేతిలోకి తీసుకుంది. ఎటు చూసి మాట్లాడాలో తెలియక మంటవైపు చూస్తూ మాట్లాడింది.

"వదినే, నేను పరాభవల పుట్టిన్నని నాకు ఇయ్యాల ఈ పోరడు చదువుతె తెలిసింది. ఏడు పేరు ఎవ్వళ్ళకు తెల్వకున్నా నన్ను అనేటియి అన్నరు. బావి దొరికింది, బావిని వెట్టి అన్నరు. మొగుడు పోతె మొగుణ్ణి వెట్టి అన్నరు. నువ్వు పిల్లను విశ్వావసుల గుంజి బయటేసినా, అనేటోళ్ళకు ఇంకోటి దొరుకుతది. కంది చేను కూడ దినాలు నిండక కోస్తె పొల్లే వస్తది. నా బిడ్డకు నెలలు నిండనియ్యి."

పరిగి గడిలో చాలాసేపు మాట లేదు. తరవాత, "నేనేమన్నా కీడు కోరి అన్ననా వదినే" అని వినిపించింది. "కోరలే. నాకెరికే" అన్నది మేనత్త. ఇంతలో అక్కడ గంటలు కూడా అయిపోయాయి.

మర్నాడు అక్కా బావా సుయితెన్‌గూ అనే గుడికి పోయారు. టోక్యోలో సుఖప్రసవం కోరుకునేవాళ్ళు పోయే గుడి అది. అక్కడ తల్లి కుక్కా పిల్లా విగ్రహం ఉంటుంది, కుక్క సులువుగా ఈనుతుందని. అయిదో నెలలో కుక్క రోజు చూసుకుని నడుముకు గుడ్డ కట్టుకోవడం కూడా వాళ్ళ ఆచారమే. అక్క నాకు ఒక్కదానికే ఫోను చేసి ఒక మాట చెప్పింది. మన దేశంలో 1994 చట్టం ప్రకారం పుట్టబోయేది ఎవరో చెప్పడం నేరం. అక్కడ అడిగితే డాక్టరు చెప్తారు. అక్క చెప్పొద్దన్నదట. "నాకు తెలిస్తె మీకు చెప్పాలె. మీకు చెప్తె ఎవరో ఒకరు లెక్కపెడతరు" అన్నది. ఆ ఎవరో ఒకరు నేనేనని ఇద్దరికీ తెలుసు. తప్పయిందని చెప్పాను. "నువ్వు చెప్పకున్నా క్యాలెండర్ల ఉంటది లే" అన్నది గాని, నాకు మనసున పట్టలేదు.

ఇది రాస్తున్నది ఫిబ్రవరిలో. అక్క అత్తగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనని మాటా ఇవ్వలేదు. అమ్మకు పాస్‌పోర్టు వచ్చింది. మేనత్త బాలింతకు పెట్టే కాయం నూరి డబ్బాకెత్తింది. ఉగాది ఇంకా రాలేదు.

జనవరి మూడున అక్క పక్కింటామెను ఫోనులో చూపించింది. ఈ ఏడు ఆమెకు అరవై; అరవై నిండినవాళ్ళకు అక్కడ ఎర్ర కోటు తొడిగి వేడుక చేస్తారట, మన షష్టిపూర్తి లాగ. మేనత్తా అదే ఏటిదని అక్క ముందే చెప్పి ఉంచింది. ఆమె వంగి దండం పెట్టింది. మేనత్తా పెట్టింది. ఆమె నవ్వి ఆరు వేళ్ళు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని, తరవాత ఫోనులోంచి మేనత్త వైపు చూపించింది.

మేనత్త నా చెవి దగ్గర అన్నది: "ఆరు బర్రెలున్నయా అని అడుగుతున్నదారా? మాకు రెండే ఉన్నయని చెప్పు."