విమానమెక్కించే ఊరు

'శంషాబాద్ వెళ్తున్నాం' అంటే చాలు, ఎవరో విమానం ఎక్కబోతున్నారని అర్థమైపోతుంది. మరి ఆ పేరున్న అసలు ఊరిని చూసినవాళ్లు ఎందరు?

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి మీద, రంగారెడ్డి జిల్లాలో ఉందీ మండల కేంద్రం. నిజాం కాలంలో ఇది పాయిగా ప్రభువుల జాగీరు. 'షమ్స్ ఉల్ ఉమ్రా' వాళ్ల బిరుదు. ప్రభువుల్లో సూర్యుడని దానర్థం. ఊరి పేరు అందులోంచే వచ్చిందంటారు. రైల్వేస్టేషన్ బోర్డు మీద మాత్రం ఉందానగర్ అని ఉంటుంది!

చుట్టూ రాతి గుట్టలు. ఉత్తరాన ఈసీ నది మీద కట్టిన హిమాయత్‌సాగర్. దగ్గర్లోనే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి. 13వ శతాబ్దం నాటిదని చెప్పే ఈ గుడి గాలిగోపురం, మెట్ల కోనేరు ఎన్నో సినిమాల్లో కనిపిస్తాయి.

2008 మార్చి 23న ఊరి జాతకం మారిపోయింది. బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి తరలివచ్చాయి. విమానాశ్రయం కోసం సేకరించిన నేల సుమారు 5,500 ఎకరాలు. పొలాలూ గుట్టలూ ఉన్నచోట 4,260 మీటర్ల రన్‌వే పరుచుకుంది. భూముల ధరలు ఆకాశాన్నంటాయి. అప్పటికే పొలం వదులుకున్న రైతుకు మాత్రం ఆ ధరలతో పనిలేకపోయింది. ఔటర్ రింగ్‌రోడ్డు మీద వచ్చే కార్లు ఊరి ముఖం చూడకుండానే టెర్మినల్ చేరుకుంటున్నాయి.

2018లో మున్సిపాలిటీ అయిన శంషాబాద్, 2025 డిసెంబరులో హైదరాబాద్ మహానగరంలో కలిసిపోయింది. అయితేనేం, విమానాశ్రయానికి రాజీవ్‌గాంధీ పేరు పెట్టినా జనం నోట అది శంషాబాదే. నేలనిచ్చిన ఊరికి ఆ పేరైనా మిగిలింది.

ఈసారి ఎవరినైనా సాగనంపడానికి వెళ్తే కాస్త ముందే బయల్దేరండి. అమ్మపల్లి కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుని వెళ్లొచ్చు!