మా బహుమానపు గిన్నె

మా యిరువురి యిండ్ల నడుమ ఒక వెండిపూత గిన్నె ముప్పది యేండ్లకు పైగా తిరుగుచున్నది. ఒక సంక్రాంతినుండి మరుసంక్రాంతి వరకు ఒకరి యింట, ఆ పిమ్మట రెండవవారి యింట. దాని నిచ్చిన కళాశాల పేరు తోమి తోమి అరిగిపోయినది. 'సాంఘిక పరిశోధన: ప్రథమ బహుమానము' అను మాటలు మాత్రము నేటికిని చదువవచ్చును. ఇంటికి వచ్చిన చుట్టములు దానిని చూచి మెచ్చుకొందురు. మేము మాట మార్చుదుము. ఏల మార్చుదుమో చదువరులగు సోదరీమణులకు చెప్పవలెనని చాలకాలముగా ననుకొనుచున్నాము.

1992వ సంవత్సరమున మేము పట్టపరీక్షకు చదువుచుంటిమి. ఏదేని యొక గ్రామముయొక్క జీవనస్థితిని పరిశీలించి ఉత్తమమైన నివేదిక వ్రాసిన విద్యార్థులకు బహుమాన మీయబడునని మా యధ్యాపకులు ప్రకటించిరి. మాలో నొకరి మేనత్తగారి యూరు నరసాపురమునకు దగ్గర. దసరా సెలవులలో అచ్చటికి పోయి, 60 ఇండ్లు తిరిగి, అచ్చువేయించిన కాగితములు నింపుకొని వచ్చితిమి. పేరు, వయస్సు, చదువు, వృత్తి, ఆదాయము, వ్యయము, ఇట్లు వరుసగా గడులుండెను. ఏ గడియు ఖాళీగా నుండరాదని మాకు గట్టి యాజ్ఞ.

నరసాపుర ప్రాంతము లేసు అల్లికలకు పేరుపొందినదని మీ రెరుగుదురు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య యది; క్రమముగా పలుకులములవారి యిండ్లకు ప్రాకినది. ఏజెంటు దారము తెచ్చి యిచ్చును. స్త్రీలు కొక్కెపు సూదితో అల్లుదురు. అతడే మరల వచ్చి, కొలత చూచుకొని, సరకు పట్టుకొని పోవును. అటనుండి యది సముద్రములు దాటి పోవును. మేము తిరిగిన వీధులలో ఆడువారు అరుగుమీద కూర్చుండి అల్లని యిల్లు అరుదు.

ఆ యరుగులమీదనే మేమును కూర్చుండి ఇంటి యజమానిని ప్రశ్నలడుగుచుంటిమి. ఆయన వృత్తి, ఆదాయము వ్రాసికొనిన తరువాత, "మీ భార్యగారో?" అని యడిగినచో దాదాపు అందరిదియు నొకటే జవాబు. "ఆవిడకేం పనండీ, ఇంటికాడే ఉంటాది. తోచక ఏదో అల్లుకుంటాదంతే." మేము 'గృహిణి' యని వ్రాసి, ఆదాయపు గడిలో సున్న చుట్టెడివారము. ఆ భార్య రెండు బారల దూరముననే యుండెడిది. ఒక యింట నొకామె పెదవులు కదలుచుండగా, మాతో నేమో చెప్పుచున్నదని అటు తిరిగితిమి. ఆమె అల్లిక గళ్ళు లెక్కపెట్టుకొనుచుండెను.

ఒక వృద్ధురాలు మాత్రము మమ్ము విడువలేదు. "ఏం రాశారమ్మా నా పేరు కాడ?" అని యడిగెను. "గృహిణి యని వ్రాసినాము, మామ్మగారూ, అనగా ఇల్లు చూచుకొనువారని" అంటిమి. ఆమె తన చూపుడువ్రేలు మా ముందు పెట్టెను. సూది యొరసి యొరసి దానిపై చర్మము కాయ కట్టియుండెను. "ఇల్లు చూసుకుంటే ఇలాగవుద్దా అమ్మా వేలు?" మేము నవ్వితిమి. ఆమెయు నవ్వెను. గడి మాత్రము మార్చలేదు.

వ్యయపు గడిలో నైతే మేము చూపిన శ్రద్ధ యింతింత కాదు. బియ్యము, కిరసనాయిలు, కాఫీపొడి, పిల్లల పుస్తకములు, పైసలతో సహా వ్రాసితిమి. తీరా కూడి చూడగా సగమునకు మించిన యిండ్లలో వ్యయము ఆదాయముకంటె నెక్కువగా తేలినది. దీనికి కారణము నూహించి, గ్రామస్థులు ఆదాయమును దాచి చెప్పుదురనియు, అప్పులకు అలవాటుపడినారనియు రెండు పుటలు వ్రాసితిమి. న్యాయనిర్ణేతలు ఆ రెండు పుటలనే ప్రత్యేకముగా మెచ్చిరి! ఆ తేడా డబ్బు మా కన్నుల యెదుటనే అరుగుమీద అల్లబడుచుండెనని వారికిని తోచలేదు, మాకును తోచలేదు.

కొన్నేండ్లకు మాలో నొకరికి గ్రంథాలయమున నొక పుస్తకము కంటబడెను. జర్మను దేశపు సమాజశాస్త్రజ్ఞురాలగు మరియా మీస్ నరసాపురపు లేసు పనివారిని గూర్చి వ్రాసినది. 1982లో ప్రకటింపబడినది, అనగా మేము కాగితములు పట్టుకొని తిరుగుటకు పదియేండ్ల ముందు. పరదేశపు విపణికి సరకు తయారుచేయు నీ స్త్రీలను గృహిణులనియు, వారి శ్రమను తీరికవేళల కాలక్షేపమనియు చెప్పుకొనుటచేతనే వారికి అంత స్వల్పమైన కూలి యిచ్చుట సాధ్యమైనదని ఆమె వాదము. ఆ వాక్యములు చదివిననాడు మేము వ్రాసిన 'గృహిణి' యను మాట వట్టి గడి నింపెడి మాట కాదని తెలిసినది. ఆ సంవత్సరము గిన్నె బీరువాలోనే యుండిపోయినది.

మరల 2023 అక్టోబరులో, ఆర్థికశాస్త్రమున నోబెలు పేరిట నిచ్చు బహుమానము క్లాడియా గోల్డిన్ అను నామెకు వచ్చినదని వింటిమి. ఈ బహుమానమును స్వీడను కేంద్ర బ్యాంకు 1968లో నెలకొల్పినది. అంతకు ముందు దానిని పొందిన స్త్రీ లిరువురే: 2009లో ఎలినార్ ఆస్ట్రం, 2019లో ఎస్తేర్ డుఫ్లో. వారు పురుషులతో పంచుకొనిరి. ఒంటరిగా పొందిన స్త్రీ గోల్డినే మొదటిది. ఆమె చేసిన పని యేమో చదువుచు మేము టెలిఫోనులో చాలసేపు మాటలేక యుండిపోయితిమి.

అమెరికాలో పూర్వము జనాభా లెక్కలు వ్రాయువారు వివాహిత పేరెదుట 'భార్య' యని వ్రాసి ముందుకు సాగెడివారట! ఆమె పొలమున భర్తతో పాటు శ్రమించినను, ఇంట బట్టలు నేసినను, వెన్న తీసి యమ్మినను, కుటుంబపు వ్యాపారము నడిపినను అదే మాట. గోల్డిన్ ఆ మాటను నమ్మలేదు. పరిశ్రమల పాతలెక్కలను, జనులు దినమును ఏ పనికెంత వెచ్చింతురో తెలుపు లెక్కలను త్రవ్వి తీసి సరిచూచినది. 1890ల చివర పని చేయుచుండిన వివాహితల నిష్పత్తి, ప్రభుత్వపు లెక్క చూపినదానికి ఇంచుమించు మూడురెట్లని తేల్చినది. ఎక్కడనో పొంతన కుదరకున్నచో ఆమె గ్రామస్థుల నిందింపలేదు, గడిని శంకించినది.

మన దేశమునను అట్టి పని చేసినవారు లేకపోలేదు. 1970ల దశకమున దేవకీ జైన్ రాజస్థాను, పశ్చిమ బెంగాలు గ్రామములలో స్త్రీలు ప్రొద్దున లేచినది మొదలు చేయు పనులను కనిపెట్టి లెక్క వ్రాయించి, పనిలేనివారని పేరుపడిన స్త్రీలు ఎంత పని చేయుచున్నారో చూపిరి. 2006లో ఆమెకు పద్మభూషణ బిరుద మీయబడెను. దేశమంతట కాలవినియోగపు లెక్క తీయుట 2019లోనే మొదలు. ఇంటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, చేయు పురుషుడు 97 నిమిషములు అందు వెచ్చించుచున్నట్లు తేలెను. 2024లో మరల తీయగా 289, 88 అని వచ్చినవి. మనకు పది నిమిషములు తగ్గినవని సంతోషించునంతలో, వారును తొమ్మిది తగ్గించుకొనిరి!

బహుమానములు వలదని మేమనము. ఆ గిన్నె రానిచో మాలో నొకరు పై చదువులకు పోయియుండెడివారే కారు. కాని గడులన్నియు నిండినవా యని చూచుటకు ముందు, "ఈ జవాబు లెవరు చెప్పిరి?" అని ఆనాటి న్యాయనిర్ణేతలలో నొక్కరైన అడిగియుండిన బాగుండెడిది. విద్యార్థినులము; అడిగినచో మరల పోయి యడిగి వచ్చియుందుము.

నిరుడు దసరాకు అచ్చటికే పోయితిమి. మామ్మగారు గతించి చాలకాలమైనది. ఆమె మనుమరాలు అరుగుమీద చాప వేసి, కాఫీ యిచ్చి, మేము తీసికొనిపోయిన పాతకాగితమును రెండుమారులు చదివికొనెను. "మామ్మ పేరు తప్పు లేకుండా రాశారండీ" అనెను. 'గృహిణి' యను మాటప్రక్కన 'లేసు అల్లిక' యని ఆమె యెదుటనే వ్రాసితిమి. ఆదాయమెంత వ్రాయవలెనని యడుగగా ఆమె లోపలికి పోయి తల్లినడిగి వచ్చెను. ఆనాటి కూలి రేటు ఎవరికిని గుర్తు లేదు.

ఆ సున్న అట్లే యున్నది. ఈ సంక్రాంతికి గిన్నె యిల్లు మారవలెను. కాగితమును మడిచి దానిలో పెట్టినాము.