పటాన్‌చెరువు త్రోవలో

సంగారెడ్డినుండి పటాన్‌చెరువునకు పోవు త్రోవ పూనానుండి మచిలీపట్టణము వఱకు సాగు 65వ జాతీయ రహదారిలో నొక తునుక. దూరము సుమారు 25 కిలోమీటర్లు. గొట్టములును, పొగయును, లారీలును తప్ప ఈ త్రోవను గూర్చి వ్రాయదగిన దేమున్నదని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. మొన్నటి దసరా సెలవులలో మావారును నేనును తెరవరాని పెట్టె నొకదానిని ఒడిలో పెట్టుకొని ఈ త్రోవను పోయితిమి. మనసున ఆతురత యున్నప్పుడు కన్నులు ప్రతి తావును పట్టుకొనును కాబోలు.

ఆ పెట్టె మామగారి ల్యాప్‌టాప్. మామగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారు. మంజీరా తీరపు పల్లెలలో రైతులాడు మాటలను, అనగా గొర్రు, గుంటుక, జడ్డిగము, పునాస, యాసంగి వంటివానిని, ఎనిమిదేండ్లుగా ఏర్చి కూర్చి అందులో వ్రాసికొనుచుండిరి. ఎవరును ముట్టకుండుటకై తామే యొక రహస్యపదము పెట్టుకొనిరి. గత మాఘమాసమున వారికి పక్షవాతము వచ్చినది. దైవకృపచే నడక వచ్చెను, పలుకు వచ్చెను. ఆ పదము మాత్రము రాలేదు. అక్కఱకు వలసిన వేళ కర్ణునకు మంత్రము తోచకపోయినది. కర్ణునకు శాపమున్నది, పాపము ఈయన కేమున్నది? పెట్టె యెదుట కూర్చుండుట, మూడు మాఱులు తప్పుపదము కొట్టుట, యంత్రము నల్లని తెఱమీద ఏవో అంకెలు చూపి బిగిసికొనుట, వారు మాటాడక లేచిపోవుట. ఇట్లు ఆఱు నెలలు గడచినవి. రెండు రొట్టెలు తినువారు ఒకదానితో చేయి కడుగుకొనసాగిరి. నాకు పెట్టెకన్న అదియే పెద్ద చింత.

ఈ తాళమెట్టిదో కొంత చెప్పవలెను. కంప్యూటరు తెఱపై కనబడు విండోస్ పాస్‌వర్డు వేఱు, ఇది వేఱు. విద్యుత్తు అందగానే మొట్టమొదట తాను మేలుకొని తక్కిన యవయవములను లేపు కార్యక్రమమును బయాస్ అందురు. అది గదితలుపైన ఇది వీథితలుపు. పూర్వపు బల్లమీది కంప్యూటర్లలో ఈ పదము నాణెమంత బ్యాటరీ బలముతో నిలుచు జ్ఞాపకమున నుండెడిది. బ్యాటరీని కొంతసేపు ఊడదీసిన అదియు మాసిపోయెడిది. మా వీథిలోని కుఱ్ఱవాడొకడు అట్లే చేసి చూచెను. పెక్కు ల్యాప్‌టాపులలో ఆ పదము విద్యుత్తు లేకున్నను చెరగని చిప్పులో నుండును గనుక అది ఫలింపలేదు. సేవాకేంద్రము వారొకరు మదర్‌బోర్డు మార్చవలెననియు, లోపలి వ్రాతలకు తాము పూచీ కాదనియు చెప్పిరి. బోర్డు వెల పాత యంత్రపు వెలను మించినది.

బస్సు బయలుదేఱినది. 2023 డిసెంబరునుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేదు గనుక మావారు తమ టిక్కెట్టు మాత్రము కొని, "నేడు నీవే దొరసానివి" అని పరిహసించిరి. మా యూర 1796 నాటి చెఱసాల కలదు. 2016లో దానిని ప్రదర్శనశాలగా మార్చి, 500 రూపాయలు పుచ్చుకొని కోరినవారిని ఒక దినము ఖైదీలవలె ఉంచు ఏర్పాటు చేసిరి. డబ్బిచ్చి లోన చేరినవారిని తలచి, డబ్బిచ్చియు లోన చేరలేని మా గతికి నాకు నవ్వు వచ్చినది.

కందివద్ద ఐఐటీ విద్యాలయము, రుద్రారమున గణేశ్‌గడ్డ. విఘ్నేశ్వరునకు మావారు కూర్చున్నచోటినుండియే చేతులు జోడించిరి. ఇస్నాపూరు దరిని బీహారు, ఒడిశా కూలీలు గుంపులుగా షిఫ్టులకు పోవుచుండిరి. అక్కడినుండి లోనికి పోవు దారి పాశమైలారమునది. 2025 జూన్ 30వ తేదీన అచటి మందుల కర్మాగారమున జరిగిన ప్రేలుడులో నలువదిమందికి పైగా మరణించిరి. భోజనపు డబ్బాలు పట్టుకొని పోవు ఆ పిల్లలను చూచినంతసేపు నాకు మామగారి పెట్టె మఱపునకు వచ్చినది.

పటాన్‌చెరువు నేటి ఊరు కాదు. 11వ శతాబ్దమున కల్యాణి చాళుక్యుడగు రెండవ జయసింహుని కాలమున పొట్టలకెఱె యను పేర ఇది రాజనివాసము. జైనశిల్పము లిచట పెక్కు దొరకినవి. ఊరు దాటినంతనే మెట్టపంటల పరిశోధనకై 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థ యున్నది. అందు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలగువాని విత్తనపు మచ్చులు లక్షకు మించి శీతలమున దాచియున్నారు. అవి చాలవన్నట్లు నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచుకొండలో మఱియొక ప్రతి ఉంచినారు.

మేము వెదకివచ్చిన దుకాణము అంగడివీథిలో నొక మేడమెట్ల క్రింద నున్నది. అందలి యువకుడు యంత్రమును ముట్టక మున్నే, "బిల్లు తెచ్చిండ్రా అమ్మా? బిల్లు లేకుంటె నేను పట్ట" అనెను. దొంగసొత్తు తెరపించుకొన వచ్చువారు కలరట. మావారికి మొగము చిన్నబోయినది కాని నాకా మాట నచ్చినది. శకుంతల యంతటిదానికే ఆనవాలు చూపక చెల్లలేదు. భద్రపఱచిన 2014 నాటి బిల్లును తీసి యిచ్చితిని. దానిమీది సంఖ్యను యంత్రపు అడుగుననున్న సంఖ్యతో సరిచూచి, "మీకు పెట్టె కావాల్నా, అందుల రాసింది కావాల్నా?" అని అడిగెను. ఇన్నాళ్లు ఎవరును మమ్ము అడుగని ప్రశ్న ఇది!

వ్రాతలుండునది హార్డ్‌డిస్కులో, తాళమున్నది బోర్డుమీది చిప్పులో. డిస్కును ఊడదీసి వేఱొక కంప్యూటరునకు తగిలించిన చదువవచ్చును. అయితే డిస్కునకే ప్రత్యేకముగ పాస్‌వర్డు పెట్టియున్నచో ఎచ్చటికి మార్చినను అది వెంటవచ్చును. క్రొత్త యంత్రములందువలె బిట్‌లాకర్‌తో గూఢలిపిగ మార్చియున్నచో 48 అంకెల తాళపుచెవి కావలెను. ఇవి చెప్పుచునే అతడు మఱలు విప్పి డిస్కు తీసి, తన కంప్యూటరునకు తీగతో కలిపెను. రెండు తాళములును లేవు. "మాటలు" అను పేరిటి ఫైలు కనబడినది. తెఱచినంతనే మా గుండె జాఱినది: తెలుగక్షర మొక్కటియు లేదు, ఇంగ్లీషు అక్షరములును చుక్కలును కలగాపులగముగ నుండెను.

యువకుడు తొణకలేదు. మామగారు అను ఫాంటులతో వ్రాసిరి. యూనికోడు కాని అట్టి పాత ఫాంటులు ఆ కంప్యూటరున లేకున్నచో తెలుగంతయు ఇట్లే కనబడును. ఆ ఫాంటులను మామగారి డిస్కులోనే వెదకిపట్టి తన యంత్రమున చేర్చెను. కలగాపులగము కరగి "గుంటుక" అను మాట తేలినది. మావారు కన్నులు తుడుచుకొనుట చూచియు చూడనట్లుంటిని. ఒక పెన్‌డ్రైవులో ప్రతి తీసి యీయగా, విత్తనముల సంగతి తలపునకు వచ్చి రెండవదానిలో మఱియొకటి తీయించితిని.

ఎనిమిది కాళ్ల ఆ చిప్పును మరల వ్రాసి యంత్రమును కూడ నాలుగు దినములలో ఇచ్చెదనని అతడు చెప్పెను, అట్లే యిచ్చెను.

ఆ సాయంకాలము మావారు ఇంటి కంప్యూటరులో ఫైలు తెరచి తండ్రిగారిని కూర్చుండబెట్టిరి. మామగారు అద్దములు సవరించుకొని, జబ్బునాడు వ్రాత నిలిచిపోయిన "మంచె" అను మాటను వెదకి, దాని యర్థమును రెండు మాఱులు చదివి, "ఇది చాలదు" అనిరి. రాత్రి జొన్నరొట్టె రెండవది వడ్డించితిని, వలదనలేదు.