దుబాయి నాలుగు గంటలేనా?

"డాక్టరు బాబూ, దుబాయికి ఎంతసేపు?" గల్ఫు పనులకు బయలుదేరే ఉద్దానం కుర్రవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. శంషాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. అటూ ఇటూగా నాలుగు గంటలు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక గనుక టిక్కెట్టు చూస్తే రెండున్నర గంటలే అనిపిస్తుంది.

మీ శరీరం మాత్రం టిక్కెట్టు చూడదు. కవిటి కొబ్బరితోటల్లోంచి ఆటో ఎక్కి, జీడిపిక్కల బట్టీల వాసన వేసే పలాస చేరి, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే, నౌపడా ఉప్పుమడులు దాటాక సికింద్రాబాదుకు రాత్రంతా ప్రయాణమే. టెక్కలివారికైనా పెద్ద తేడా లేదు. విమానాశ్రయంలో మూడు గంటల ముందుండాలి. ఇంటి గడప నుంచి లెక్కవేస్తే ఒక పగలూ ఒక రాత్రీ పైమాటే. జాగ్రత్తలన్నీ ఈ లెక్క మీదనే తీసుకోవాలి.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. విమానమే కాదు, రైలూ బస్సూ అంతే. భయపడేటంత కాదు, దాదాపు ఆరువేల మందిలో ఒకరికి. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. సీటులోనే మడమలు ఎత్తి దించండి. చేరిన కొద్ది వారాల్లో ఒక కాలే వాచి నొప్పిపెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మనవాళ్లకొక అలవాటుంది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని దారిలో నీళ్లు తాగడం మానేస్తారు. విమానంలో గాలి మహా పొడి. పైగా నడుంనొప్పికని దుకాణంలో కొన్న డైక్లోఫెనాక్ బిళ్ల ఒకటి! నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ బిళ్ల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో కారణం ఇదమిత్థంగా తేలలేదు. తొలిదశలో బాధేమీ తెలియదన్నది మాత్రం నిశ్చయం. అందుచేత అక్కడి ఎండల్లో పనికి వెళ్లేముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు చేయించుకోండి. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. విశాఖ దాకా పోనక్కరలేదు.

డయాలిసిస్ మీద ఉన్న తండ్రిని దుబాయిలోని కొడుకు రమ్మన్నాడనుకోండి. అప్పుడు సలహా తిరగబడుతుంది. నీళ్లు డాక్టరు చెప్పిన కొలత మించరాదు. దారికని ఇంటి చెట్టు బొండం కొట్టి ఇవ్వకండి. కొబ్బరినీళ్లలోని పొటాషియం ఆయన గుండెకు ప్రమాదం. (ఉద్దానంలో ఈ మాట చెబితే తిట్టినట్టు చూస్తారు!) అక్కడ డయాలిసిస్ ఏ రోజు, ఏ ఆసుపత్రిలో అన్నది ఖాయం చేసుకున్నాకే టిక్కెట్టు కొనండి.

మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి. ట్రమడాల్ వంటి నొప్పిమందులు అక్కడ నియంత్రిత ఔషధాలు. అనుమతి లేకుండా వెంట ఉంటే పోలీసు కేసు కావచ్చు. పక్కింటివారు తమ అబ్బాయికిమ్మన్న పొట్లంలో ఏముందో విప్పి చూసి మరీ తీసుకోండి.