పనల మీద వాన

2023 నవంబరు 19, ఆదివారం. తెనాలి

పొద్దున్నించీ వీధంతా మొక్కులే. అహ్మదాబాదులో వరల్డ్ కప్ ఫైనల్. ఎదురింటి కుర్రాళ్ళు టీవీకి కూడా బొట్టు పెట్టారు. రాత్రికి ఆస్ట్రేలియా గెలిచింది. కొబ్బరికాయ కొట్టినవాళ్ళంతా దేవుణ్ణి వదిలేసి బ్యాటర్ల మీద పడ్డారు. దేవుడికి ఇలాంటి రోజుల్లో భలే వెసులుబాటు.

1977లో ఇదే తేదీ శనివారం. దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు పదివేలకు దగ్గర. ఆ ఊళ్ళవాళ్ళు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. వీధిలో నలుగురిని కదిపి చూశాను. అరవై దాటినవాళ్ళు మాత్రం ఆగి మాట్లాడారు.

నవంబరు 22, బుధవారం. బాపట్ల

అక్కయ్య దగ్గరికొచ్చాను. ఉప్పెన నాటికి తను ఈ ఊరికి కొత్త కోడలు. ఎప్పుడడిగినా ముందు అగ్గిపెట్టె సంగతే చెబుతుంది. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మామగారు దేవుడి దగ్గర దీపం పెట్టమన్నారట. తలుపులన్నీ మూసినా ఎక్కడినుంచో గాలి. పుల్ల గీయడం, ఆరిపోవడం. అగ్గిపెట్టె ఖాళీ అయింది, దీపం మాత్రం వెలగలేదు. "మామగారు ఇంక చాల్లేమ్మా అని నా చెయ్యి పట్టుకుని గోడ మూలకి లాగారు. ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు" అంది.

బాపట్లకు గాలి, దివికి నీళ్ళు. తుపాను దారికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని నెడుతుంది. ఆసారి ఆ కుడిపక్క కృష్ణకు అవతల ఉన్న దివిసీమ అయింది. ఇవతల వాళ్ళు గోడలు కూలి పోయారు.

ఆ గోడల్లో ఒకటి చర్చిది. ఇళ్ళు నిలవవని భయపడి జనం ఈ ఊళ్ళో ఓ చర్చిలోకి చేరారు. అది కూలింది. వందమంది దాకా పోయారని అప్పటి పత్రికలు రాశాయి. దేవుణ్ణి నమ్మడం గురించి ఎవరేం చెప్పినా నాకు ముందు ఈ చర్చే అడ్డం వస్తుంది. వాళ్ళు నమ్మనివాళ్ళు కారు. నమ్మబట్టే అక్కడికి వెళ్ళారు.

దీనికి రెండు జవాబులు విన్నాను, రెండూ నాకు మింగుడుపడలేదు. ఒకటి, "వాళ్ళని ప్రభువు తన దగ్గరికి పిలుచుకున్నాడు". రెండోది, "చూశారా, దేవుడూ లేడు దెయ్యమూ లేదు". మొదటిది చెప్పేవాడి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ పోయుండరు. రెండోది చెప్పేవాడికి ఆ వందమందితో పనిలేదు, వాదన గెలిస్తే చాలు.

సాయంత్రం భావనారాయణస్వామి గుడికి వెళ్ళాం. దీని గాలిగోపురం 2011లో కూలింది. చోళుల నాటి గుడి, ఈ ఊరికి పేరిచ్చిన గుడి. గోపురం కూలిన మర్నాడు కూడా లోపల స్వామికి నైవేద్యం ఆగలేదని అక్కయ్య గొప్పగా చెప్పింది. నలభై ఏళ్ళు నిండకుండానే ఈ ఊళ్ళో ఒక చర్చి పడింది, ఒక గోపురం పడింది. దేవుడి ఇల్లు కాబట్టి పడదన్న ధీమా బాపట్లవాళ్ళకి ఉండాల్సిన పనిలేదు. అయినా గంట కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు.

నవంబరు 27, సోమవారం

కార్తీక పౌర్ణమి. సూర్యలంకలో సముద్రస్నానాలకు ఇసుకేస్తే రాలనంత జనమట. ఉప్పెన తెచ్చింది ఆ సముద్రమే కదా అంటే, అక్కయ్య ఫోనులో విసుక్కుంది: "అందుకే దణ్ణం పెట్టేది."

డిసెంబరు 1, శుక్రవారం. తెనాలి

బంగాళాఖాతంలో వాయుగుండం. పేపరు వాళ్ళకి పండగ, రైతుకి పాడె.

నమ్మకం, అనుమానం అంటే నాకు రచయిత చలం గుర్తొస్తాడు. ఆయన పెరిగింది ఈ ఊళ్ళోనే. గుళ్ళనీ పూజల్నీ ఆచారాల్నీ అంత కడిగేసినవాడు 1950లో అన్నీ సర్దుకుని అరుణాచలం చేరాడు. చేరిన కొద్దికాలానికే ఆ ఏప్రిల్లో రమణ మహర్షి వెళ్ళిపోయారు. ఎవరి కోసం వెళ్ళాడో ఆయనే లేరు. వెనక్కి రావడానికి అంతకన్నా మంచి సాకు ఏముంటుంది? రాలేదు. 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన భక్తిని మెచ్చుకునేవాళ్ళూ వెక్కిరించేవాళ్ళూ కూడా ఈ మధ్యలో ఉన్న ఇరవైతొమ్మిదేళ్ళనీ ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఏళ్ళలో ఆయన అనుమానం మానలేదు, అనుమానంతోనే కొండ కింద కూర్చున్నాడు.

డిసెంబరు 2, శనివారం. రేపల్లె

రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటాక కిటికీలోంచి రెండువైపులా ఒకటే దృశ్యం. సగం చేలు కోసి పనల మీద ఉన్నాయి, సగం నిలబడి ఉన్నాయి. ఎక్కడ చూసినా మనుషులు పరుగులు పెడుతున్నారు. ఎండ మాత్రం ఏమీ ఎరగనట్టు కాస్తోంది.

మా చేను కౌలుకు చేసే అతను, భార్య, ఇద్దరు కూలీలు పొలంలోనే ఉన్నారు. వేసింది బీపీటీ 5204, సాంబ మసూరి. పేరులోని బీపీటీ బాపట్లే. 1986లో అక్కడి పరిశోధన కేంద్రం నుంచి బయటికొచ్చి దేశమంతా పాకిన బియ్యం. తినడానికి ఎంత బాగుంటుందో గాలికి అంత తేలిగ్గా పడుతుంది.

"కోసిన ఎకరం కుప్ప వెయ్యనా వద్దా తెలవటంలేదండి టీచరుగారూ. పచ్చి పన కుప్పేస్తే లోపల ఆవిరెత్తి గింజ రంగు మారుద్ది. వెయ్యకపోతే తడిసి మొలకొస్తది."

మరి కోయనిదో?

"మిషను దొరకటంలా. దొరికినా వాడు చెప్పే రేటు వింటే తుపానే నయం."

ఈ ఏడు ఆగస్టులో చినుకు లేదు. దేశం మొత్తమ్మీద 1901 నుంచి చూస్తే అంత పొడి ఆగస్టు లేదట. కాలువ చివర పొలాలకి నీళ్ళందక ఇంజన్లు పెట్టి తోడారు. అతను నవ్వాడు, నవ్వులాంటిది. "అప్పుడు వానియ్యి ప్రభువా అన్నాం. ఇప్పుడు వద్దు ప్రభువా అంటన్నాం. ఆయనకి మాత్రం తికమకగా ఉండదా అండీ?"

భార్య నవ్వలేదు. పన కట్ట కట్టడం ఆపకుండానే అడిగింది: "నమ్మకం ఉన్నోళ్ళకి భయం ఉండకూడదంటారు మా చర్చి అయ్యగారు. నాకు రెండూ ఉన్నయ్యమ్మా. తప్పంటారా?"

నేను నీళ్ళసీసా మూత తిప్పుకుంటూ ఉండిపోయాను. ఇంటి మీద వెదురు కర్రకి క్రిస్మస్ స్టారు కట్టేశారప్పుడే.

డిసెంబరు 3, ఆదివారం. తెనాలి

తుపానుకి మిచౌంగ్ అని పేరు పెట్టారు, మయన్మార్ వాళ్ళిచ్చిన పేరు. టీవీలో పైన తెలంగాణ ఎన్నికల ఫలితాలు, కింద తుపాను స్క్రోలింగు. పక్కింటాయన పైదే చదువుతున్నాడు.

రేపల్లె ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను వదలడంలేదు. ఉప్పెన తర్వాత దివిసీమకి వచ్చినవాళ్ళలో మదర్ థెరీసా ఉన్నారు. ఆవిడ మొహంలో ఎంత నిబ్బరమని అప్పుడు అందరూ చెప్పుకున్నారు. 2007లో ఆవిడ ఉత్తరాలు పుస్తకంగా వచ్చాకగానీ తెలియలేదు. లోపల దేవుడి జాడ తగలక, పిలిస్తే పలుకు లేక, ఏళ్ళకేళ్ళు చీకట్లో గడిపారని. మన దివిసీమ బురదలో నడిచిన రోజులు కూడా ఆ చీకటి ఏళ్ళలోవే. ఆ ఉత్తరాలు చదివి "అంతా నటనే" అన్నవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. పలుకు వినిపిస్తుంటే పనిచెయ్యడం ఏముంది, ఎవరైనా చేస్తారు.

అదే బురదలో విజయవాడ పటమట నుంచి నాస్తిక కేంద్రం వాళ్ళూ పనిచేశారు. గోరా పెట్టిన కేంద్రం. బురదలోంచి లేచి నిలబడాల్సినవాళ్ళు వచ్చినవాళ్ళ మతం అడిగి ఉండరు.

డిసెంబరు 4, సోమవారం

తెల్లారుజాము నుంచి ముసురు. కార్తీక సోమవారం ఉపవాసం, పొద్దుగూకేదాకా ఏం తోచక పోతన భాగవతం తీశాను. గజేంద్రమోక్షం పదోతరగతి పిల్లలకి ఏళ్ళతరబడి చెప్పాను. పిల్లలు బట్టీపట్టేది శరణాగతి పద్యం. నన్ను ఆపేది దానికి ముందున్నది. అసలు ఆయన ఉన్నాడా అని ఏనుగు అనుమానపడే చోటు. పోతన దాన్ని ప్రార్థనకి ముందు పెట్టలేదు, ప్రార్థన నడుమ పెట్టాడు. స్తోత్రం జరుగుతూ జరుగుతూ ఉండగా సందేహం. మళ్ళీ స్తోత్రం. వైకుంఠంలో ఉన్నాయన ఆ సందేహాన్ని పట్టుకుని లెక్క అడగలేదు. లక్ష్మీదేవికి చెప్పకుండా లేచి వచ్చేశాడు.

గోల్కొండ చెరసాల్లో రామదాసు రాముణ్ణి తిట్టిన తిట్లు ఇప్పటికీ భజనల్లో తాళం వేసి పాడుతున్నాం. మన వైపు భక్తిలో దెప్పిపొడుపుకి కూడా చోటుంది. రేపల్లె ఆవిడకి ఇవన్నీ చెప్పినా ఉపయోగం లేదు, ఆవిడ పుస్తకం వేరు. ఆ పుస్తకంలోనూ ఒక తండ్రి ఉన్నాడు. మూర్ఛరోగి కొడుకుని తీసుకొచ్చి, నమ్ముతున్నానని ఒప్పుకున్న నోటితోనే తన అపనమ్మకానికి సాయం చెయ్యమని యేసుని బతిమాలతాడు. మార్కు సువార్తలో, తొమ్మిదో అధ్యాయం. పిల్లవాడు బాగుపడ్డాడు. ముందు నీ నమ్మకం బాగుచేసుకుని రా అని ఆ తండ్రిని వెనక్కి పంపలేదు.

ఫోను చేసి ఇంతమాత్రం చెప్పాను. అవతల గాలి హోరు. "తొమ్మిదో అధ్యాయమా అమ్మా?" అంది. తర్వాత లైను పోయింది.

డిసెంబరు 5, మంగళవారం

మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకి 90, 100 కిలోమీటర్ల గాలి. ఇక్కడ కరెంటు పొద్దున్నే పోయింది. అక్కయ్య ఫోను కలిసేసరికి నా గుండె నోట్లోకొచ్చింది. తను మాత్రం, "ఇదేం గాలి, ఆ గాలి చూసినదాన్ని" అంది. బిందెలు, బకెట్లు నింపిపెట్టుకుందట. ఫోను రాత్రే చార్జి పెట్టుకుందట. దీపం కూడా పెట్టిందట, గాజు చిమ్నీ ఉన్న లాంతర్లో. నాకు ముచ్చటేసింది.

ఒక మాట రాసుకోవాలి. 1990 మే తుపాను కూడా భయంకరమైనదే, కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యికి లోపు. పదమూడేళ్ళ ముందు పదివేలు. మధ్యలో వచ్చింది 1983లో ఎగిరిన ఇన్‌శాట్-1బి ఉపగ్రహం, తుపాను షెల్టర్లు, లక్షలమందిని ముందే కదిలించిన యంత్రాంగం. ఇది చెబితే కొందరు భక్తులు దేవుడి వాటా తగ్గించినట్టు మొహం పెడతారు. ఎందుకో నాకు అర్థం కాదు. ఆ రాత్రి చర్చిలోకి పరిగెత్తినవాళ్ళకి పొద్దున్నే ఎవరైనా సరైన కబురు చెప్పుంటే, వాళ్ళు ఆ కబురుని కూడా దేవుడి దయే అనుకునేవాళ్ళు.

డిసెంబరు 7, గురువారం. రేపల్లె

కోయని చేను చాప పరిచినట్టు పడిపోయింది. కోసిన పనలు నీళ్ళలో తేలుతున్నాయి. కుప్ప వేసింది అరెకరం. దాని మీది పట్టా కూడా గాలికి చిరిగింది.

ఉప్పునీళ్ళు చల్లుతున్నారు. లీటరుకి యాభై గ్రాముల కల్లుప్పు. వెన్నుల మీద పడితే మొలక ఆగుతుందని వ్యవసాయ శాఖవాళ్ళు చెప్పారు. అతను వీపున స్ప్రేయరు, భార్య గట్టుమీద పనలు ఎత్తి తిప్పుతోంది. ఒక వెన్ను తెంపి నా అరచేతిలో పెట్టింది. గింజ కొసన తెల్లగా, సూదిమొనంత మొలక. బతకాలని చూస్తోంది పాపం, దాన్ని బతకనిస్తే మనకి తిండిలేదు.

ఇద్దరూ ఏదో గొణుగుతున్నారు. ప్రార్థనో, ఉప్పు లెక్కో. అడగలేదు.

డిసెంబరు 10, ఆదివారం. తెనాలి

చర్చి అవగానే బస్సెక్కి ఇద్దరూ వచ్చారు, తెల్లబట్టల్లోనే. పంట నష్టం రాసుకునేవాళ్ళు వచ్చి వెళ్ళారట. ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటితే తీసుకోరు, రంగు మారితే ధర తగ్గిస్తారు. ఈ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలు 2,183 రూపాయలు, అది బాగున్న గింజకి. ఆ సంగతులన్నీ మాట్లాడుకున్నాం. చర్చిలో సాక్ష్యం చెప్పమని అయ్యగారు పిలిస్తే ఆవిడ లేవలేదట.

"పక్క చేలో కుప్ప తడవలా. ఆళ్ళూ మా సంగపోళ్ళే. దేవుడు కాపాడాడని ఆళ్ళు సాక్ష్యం చెప్పారు. మరి నేనేం చెప్పాలమ్మా? రాత్రి తొమ్మిదో అధ్యాయం చదివించుకున్నా. అది చాల్లే నాకు ఇప్పటికి."

కాఫీ తాగి లేచాక అతను గుమ్మంలో ఆగాడు. "ఉపవాస ప్రార్థనలో మీ గురించి కూడా పెట్టించామండి."

నాకేమైందయ్యా?

"కౌలు సంగతి మీ మనసుకి తోచాలనండి."

అదేదో నన్నే అడగొచ్చుగా అన్నాను. "మిమ్మల్ని అడగాలంటే భయమేసిందండి" అన్నాడు. ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎకరానికి ఇరవైనాలుగు బస్తాల మాట. ఈ ఏడాదికి పన్నెండు చాలన్నాను. అతను దణ్ణం పెట్టబోయాడు, ఆవిడ చెయ్యి పట్టి ఆపింది. "ఎనిమిదికి ప్రార్థన చేశామమ్మా."

పది దగ్గర తెగింది.