గుట్టు వేరు, దొంగచాటు వేరు

"మామయ్యా, స్టెల్తీ అంటే దొంగచాటుగా అనేగా?" అని అడిగింది మా మేనకోడలు, పరిటాల ఊళ్ళో ఇంటి అరుగు మీద పరీక్షల పుస్తకం ముందేసుకుని. ఇంగ్లీషులో దొంగతనాన్ని చెప్పే మాటకు అది చుట్టమే. కాదనలేను. కానీ మనసొప్పలేదు.

ఎందుకో చెప్పాలంటే ఈ ఊరి నుంచే మొదలుపెట్టాలి. ఇది వజ్రాల నేల. ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయినా, గనులున్న ఈ ఊళ్ళను నిజాం వదులుకోలేదు. 1947 ఆగస్టులో దేశమంతా జెండా ఎగరేసిన నాటికీ పరిటాల ఆయన ఏలుబడిలోనే ఉంది.

పదిహేడో శతాబ్దంలో దక్కన్ గనులు చూసిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ రెండు సంగతులు రాశాడు. మొదటిది బేరం. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. నడికట్టు బట్ట చేతుల మీద కప్పుకుంటారు. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక వేలు పట్టుకుంటే వంద, వేలి కొస నొక్కితే పది. పెదవి కదలదు. పక్కనే నిలబడ్డవాడికి కూడా ధర తెలియదు. మన పశువుల సంతల్లో కండువా కింద జరిగే బేరమూ ఇదే తీరు. దాన్ని దొంగచాటు బేరమని ఎవరన్నా అంటారా? గుట్టు అంటారు.

రెండోది కూలివాడి కథ. ఏడాదంతా తవ్వితే చేతికొచ్చేది మూడు వరహాలు. ఒంటి మీద గోచీ గుడ్డ తప్ప మరేం లేదు, రాయి దాచడానికి చోటెక్కడ? కొందరు మింగేసేవారు. ఒకడు కంటి మూలలో దాచాడు, దొరికిపోయాడు. ఆ రాయి ఒరుసుకుంటుంటే రెప్ప వేయకుండా ఎంతసేపు ఓర్చుకున్నాడో! మూడో కంటికి తెలియకుండా అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ కన్నే గుర్తొస్తుంది. మూడు వరహాలతో ఏడాది గడపమన్నవాళ్ళను మాత్రం ఏ పుస్తకమూ దొంగలనలేదు.

ఇప్పటికీ వాన వెలిశాక గుడిమెట్ల వైపు జనం తల వంచుకుని నేల వెతుకుతారు. మెరిసే రాయి దొరికితే కొంగున ముడేసుకుని, గుట్టుచప్పుడు కాకుండా ఇంటిదారి పడతారు.

"గుట్టుగా, అలికిడి లేకుండా అని రాసుకోమ్మా. దొంగచాటుగా అన్నది ఆ తర్వాత రాయి" అన్నాను. నిఘంటువులు కూర్చే పెద్దలకూ ఇదే నా మనవి: ఆ వరసలోనే అచ్చు వేయండి.